వేళ్ల వేడి

వేడినీళ్లతో గిన్నెలు కడగడం నాకు ఇష్టమని మా ఇంట్లో ఒక నమ్మకం. ఇష్టమని నేనెప్పుడూ అనలేదు. పెళ్లయిన కొత్తలో జిడ్డు త్వరగా వదులుతుందని అన్నాను, అంతే. ఆ మాట మా ఆయన నోట్లో పడి, నలిగి నలిగి, ఇష్టమై కూర్చుంది. "మా ఆవిడకి వేడినీళ్లుంటే చాలు, ఊళ్లో గిన్నెలన్నీ తోమేస్తుంది" అని వచ్చినవాళ్ల ముందు మెచ్చుకుంటారు. నేను నవ్వుతాను కూడా. నవ్వకపోతే మొహం మాడ్చుకుందంటారు, ఆ గొడవెందుకని.

ఆ ఆదివారం మధ్యాహ్నం కూడా సింకు ముందే ఉన్నాను. చేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. అత్తయ్య వచ్చి వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డారు. లోపలికి రాలేదు. "అమ్మాయ్, ఒక గ్లాసు తీసుకోనా?" అని అడిగారు.

ఆవిడ ఇల్లు. ఆవిడ కొన్న గ్లాసులు. ఆ అలమరలో ఏది ఎక్కడుండాలో నాకు నేర్పింది ఆవిడే. ఇప్పుడు గ్లాసు తీసుకోవడానికి నన్ను అడుగుతున్నారు, అదీ చేతులు రెండూ వెనక్కి కట్టుకుని. వారం రోజులుగా ఇంట్లో అలాగే తిరుగుతున్నారు. బల్ల పక్కనుంచి పోవాల్సి వస్తే ఒళ్లు దగ్గరికి తీసుకుని పోతారు. తడిచేత్తోనే గ్లాసు తీసి ఇచ్చాను. ఆవిడ వేళ్లు నా వేళ్లకి తగిలాయి. ఆవిడ చేతులు ఎప్పుడూ చల్లగా ఉంటాయి. మా అమ్మాయి చిన్నప్పుడు జ్వరం వస్తే నాయనమ్మ చెయ్యే నుదుటి మీద పెట్టమని ఏడ్చేది. "అడగాలా అత్తయ్యా, తీసుకోండి" అన్నాను. "ఏమోనమ్మా, అడిగితే మంచిది కదా" అన్నారు. ఎత్తిపొడుపుగా అనలేదు. ఎత్తిపొడిచి ఉంటే నాకు కొంచెం ఊరటగా ఉండేది. మంచి మాటగానే అన్నారు, నేను తల ఎత్తలేక మళ్లీ గిన్నెల్లో చేతులు పెట్టాను.

ఇదంతా ఒక కుర్చీ కోసం మొదలైంది.

ఆసుపత్రుల్లో మంచం పక్కన గోడకి ఒక మీట ఉంటుంది కదా, రోగి నొక్కితే అవతల నర్సు గదిలో గంట మోగుతుంది. ఆ గంటల బోర్డులు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో నా ఉద్యోగం. సీసం కరిగించి ముక్కలు అతికించే సోల్డరింగ్ వరసలో కూర్చుంటాను. వరసంతా ఆడవాళ్లమే. కిటికీ పక్కన వెలుతురు బాగా వచ్చే చోట ఇంకో బల్ల ఉంది, దాన్ని టెస్ట్ బెంచ్ అంటారు. మోగని బోర్డులు, మోగి ఊరుకోని బోర్డులు అక్కడికి వెళ్తాయి. తప్పు ఎక్కడుందో అక్కడివాళ్లు వెతుకుతారు. అక్కడ ఎప్పుడూ మగవాళ్లే. ఆడవాళ్లు వద్దని ఎవరూ అనలేదు. "ఆడవాళ్ల చేతులు సున్నితంగా ఉంటాయమ్మా, సోల్డరింగ్‌కి అవే కావాలి" అంటారు సూపర్‌వైజర్, బిడ్డలని దీవించినంత ప్రేమగా. సున్నితమైన చేతులు కరెంటు కొలిచే మీటరు పట్టుకోవడానికి ఎందుకు పనికిరావో అడగాలనుకుంటాను. ఈలోగా ఆయన వెళ్లిపోతారు.

బెంచి మీద ఇద్దరుంటారు. ఒకాయన మెడలో తాడు కట్టుకుని మీటరు వేలాడేసుకుంటాడు, అందుకని ఆయన పేరే మీటరు అయిపోయింది. భోజనానికి కూడా తియ్యడు. మోగని బోర్డు దొరికితే దాన్ని పట్టుకుని మా వరస దగ్గరికి వచ్చి "ఇది ఎవరిది?" అంటాడు. అందరం తలలు దించుకుంటాం. ఆయన కదలడు. పని ఆగిపోతుంది, సూపర్‌వైజర్ అటు చూడటం మొదలుపెడతారు, పక్కావిడ చేతులు వణుకుతుంటాయి. అప్పుడు నేను "నాదే అయ్యుంటుంది సార్" అంటాను. అది నాదో కాదో నాకే తెలియదు. కానీ ఆ మాట అనగానే ఆయన వెళ్లిపోతాడు, అందరూ ఊపిరి పీల్చుకుంటారు, మళ్లీ పనిలో పడతాం. నాకదొక మంచితనంలా కూడా అనిపించేది.

రెండో ఆయన నెలాఖరుకి ఉద్యోగం మానేస్తున్నాడని తెలిసింది. ఆ కుర్చీ నాకు కావాలనిపించింది. జీతం కాస్త ఎక్కువే, అబద్ధమెందుకు. కానీ అసలు సంగతి, ఇన్నేళ్లు నేను అతికించినవాటి లోపల ఏం జరుగుతుందో నాకు చూడాలనుంది. ధైర్యం చేసి అడిగాను. సూపర్‌వైజర్ నవ్వలేదు, ఆ మాట చెప్పుకోవాలి. "సొంతంగా ఏదైనా చేశావా ఎప్పుడైనా? చేసి, చెడిపోతే బాగుచేసుకున్నావా? తెచ్చి చూపించు" అన్నారు.

నా దగ్గర ఒకటుంది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, చెప్పుకునే సంగతి అనుకోలేదు. మా అమ్మాయి హాస్టల్‌కి వెళ్లాక దాని చదువుకునే బల్ల ఖాళీ అయింది. ఆ బల్ల మీద నేనొక సింథసైజర్ కట్టుకుంటున్నాను. కరెంటుతో పాటలాంటి శబ్దాలు పుట్టించే పెట్టె అది. ఫ్యాక్టరీలో గంటలు పరీక్షించేటప్పుడు ఒక్కోసారి బోర్డులోంచి వింత మూలుగు వస్తుంది, మిగతావాళ్లు చెవులు మూసుకుంటారు, నాకు మాత్రం ఇంకాసేపు వినాలనిపిస్తుంది. అలా మొదలైంది. ఎవరో తెలియని మనిషి ఇంటర్నెట్లో పెట్టిన బొమ్మలు చూసి ఒక్కో ముక్కా చేసుకున్నాను. శబ్దం పుట్టించే ముక్క అయింది. ఆ తర్వాతది ఫిల్టర్. పుట్టిన శబ్దాన్ని జల్లెడ పడుతుంది అది. నాబ్ ఇటు తిప్పితే గొంతు నొక్కినట్టు మందంగా వస్తుంది, అటు తిప్పితే కీచుదనమంతా విచ్చుకుని గదంతా నిండుతుంది. అదే శబ్దం, తలుపు వేసి విన్నట్టు ఒకసారి, తీసి విన్నట్టు ఒకసారి. మొదటిసారి అది పలికినప్పుడు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో హాల్లోంచి "ఆ కుంయ్ కుంయ్ ఆపుతావా? టీవీ వినపడి చావట్లేదు" అన్నారు మా ఆయన. సౌండు తగ్గించేశాను. ఆ తర్వాత ఎప్పుడూ పెంచలేదు. ఆయన చెడ్డవారేం కాదు. "కాలక్షేపానికి ఏదో చేసుకో, నేను వద్దన్నానా?" అంటారు. వద్దనకపోవడం పెద్ద ఉపకారమని నేనూ అనుకునేదాన్ని.

ఫిల్టర్‌ని చిన్న చెక్కపెట్టెలో పెట్టి, చీర ముక్కలో చుట్టి ఫ్యాక్టరీకి పట్టుకుపోయాను. మధ్యాహ్నం విరామంలో సూపర్‌వైజర్, మీటరు, మా వరసవాళ్లు అందరూ చుట్టూ చేరారు. అక్కడి పెద్ద స్పీకరుకి కలిపి, మీటరే సౌండు నిండుగా పెంచాడు. నాబ్ తిప్పాను. శబ్దం విచ్చుకుంది, దాంతోపాటు దబ్ అని ఒక మోత. మళ్లీ తిప్పాను. మళ్లీ దబ్. తిప్పినప్పుడల్లా దబ్, దబ్. ఇంట్లో సౌండు తగ్గించి విన్నన్నాళ్లూ అది నా చెవిన పడనేలేదు.

"ఎవరో తలుపు కొడుతున్నట్టున్నారమ్మా, వెళ్లి తియ్యండి" అన్నాడు మీటరు.

అందరూ నవ్వారు. మా వరసవాళ్లూ నవ్వారు. నేనూ నవ్వాను, అలవాటు కొద్దీ. మెడ దగ్గర మంట పుట్టింది, ఆ చీర ముక్క మళ్లీ ఎలాగోలా చుట్టేశాను. సూపర్‌వైజర్ మాత్రం "పోనీలే, తప్పెక్కడుందో వెతుక్కుని వచ్చే వారం తీసుకురా, అసలు పరీక్ష అదే కదా" అన్నారు. ఆ మాట నా చెవికి ఎక్కలేదు. నాకు వినపడేదల్లా ఆ నవ్వు. ఇంటికి వచ్చేదాకా బస్సులో ఎవరి మొహం చూడలేదు.

ఇంట్లో అడుగుపెట్టేసరికి అత్తయ్య చేతిలో దుమ్ము దులిపే గుడ్డ ఉంది.

అంతే జరిగింది. గుడ్డ ఉంది. ఆవిడ రోజూ సాయంత్రం ఇల్లంతా తుడుస్తారు, నేను వచ్చేసరికి ఇల్లు తేటగా ఉండాలని. ఫిల్టర్‌కి ముఖ్యం ఎనిమిది ట్రాన్సిస్టర్లు. మిరియపు గింజంత ఉంటాయి. జంటలు జంటలుగా పని చేస్తాయి, ఏ జంటకా జంట కవలల్లా ఉండాలి. ఒకే ప్యాకెట్లోంచి తీసినా ఏ రెండూ అచ్చంగా ఒకలా ఉండవు. అందుకని ఒక్కోదాన్నీ ఇంట్లో నేను కొనుక్కున్న చిన్న మీటరుకి పెట్టి కొలిచి, ఒకే అంకె చూపినవాటిని జత కట్టి, అత్తయ్య మాత్రల ఖాళీ డబ్బాలో ఫిల్టర్‌లో అతికించేదాకా గడికో జంట చొప్పున దాచాను. ఆ డబ్బా ఆవిడే ఇచ్చారు, దేనికైనా పనికొస్తుందేమో చూడమని. జంట కుదరకపోతే ఒక పక్కకి బరువెక్కువై, నాబ్ తిప్పినప్పుడల్లా ఆ మోత వస్తుంది. బస్సులో వస్తూ అదే ఆలోచిస్తున్నాను, అతికించకముందే జతలు ఎక్కడ చెడ్డాయా అని. గుడ్డ కనపడింది. జవాబు దొరికిపోయింది.

"మీరు ఆ డబ్బా కదిపారా? కింద పడేసి మళ్లీ కలిపి పెట్టేశారా?" అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించేంత గట్టిగా అన్నాను. ఎంత కష్టపడి కొలిచానో, అందరి ముందు నా తల ఎలా కొట్టేసినట్టయిందో, ఈ ఇంట్లో ఒక్క మూల అయినా నాదని ఉండదా అని, నోటికొచ్చినదంతా అన్నాను. ఆవిడ గుడ్డని రెండు చేతులతో పట్టుకుని నా వైపే చూస్తూ నిలబడ్డారు.

ఏనాడూ ఆ గది వైపు తొంగిచూడని మా ఆయన టీవీ ఆపి లేచి వచ్చారు. "నీకు చేతులు ఊరుకోవమ్మా. ఆ బల్ల జోలికి వెళ్లొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" అని వాళ్లమ్మ మీద విరుచుకుపడ్డారు. నిజానికి ఒక్కసారి కూడా చెప్పలేదు. అయినా నా పక్షాన ఒక మనిషి మాట్లాడి ఎంత కాలమైందో. నాకు హాయిగా అనిపించింది. అన్నిటికన్నా ఇది చెప్పడానికే నాకు నోరు రావట్లేదు. ఆవిడని తిడుతుంటే నాకు హాయిగా అనిపించింది.

"తగిలిందేమోనమ్మా. చూసుకోలేదేమో" అన్నారు అత్తయ్య. గుడ్డ మడతపెట్టి తీసుకెళ్లి దాచేశారు. ఆ రోజు నుంచి చేతులు వెనక్కి కట్టుకున్నారు.

ఆ ఆదివారం గిన్నెలు ముగించి, ఆవిడ గ్లాసు పట్టుకుని వెళ్లడం చూసి, ఎలాగైనా ఇది తేల్చాలని గదిలోకి వెళ్లాను. తేల్చి, తప్పు ఆవిడదే అని రుజువైతే నా మనసు కుదుటపడుతుందని లోపల ఒక ఆశ. దాన్ని ఆశ అనడానికీ సిగ్గుగానే ఉంది. ముందు సోల్డరింగ్ చూశాను. అతుకులన్నీ నున్నగా మెరుస్తున్నాయి, ఇన్నేళ్ల పని కదా. కరెంటు సరిగ్గా వస్తోందా చూశాను, వస్తోంది. శబ్దం లోపలికి వెళ్లే చోట పట్టుకుని ఒక్కో మెట్టు దాటుతూ వెళ్లాను. అన్నీ బాగానే ఉన్నాయి, జంటల దగ్గరికి వచ్చేసరికి రెండు పక్కలా రెండు లెక్కలు. అనుకున్నదే. ఎనిమిదింటినీ జాగ్రత్తగా ఊడదీసి, ఏ జంటకి ఆ జంటని డబ్బా గళ్లలో పెట్టాను. ఒక్కో గడి మూత మీద ఆ రోజు వచ్చిన అంకె పెన్సిల్‌తో రాసే ఉంది. ఇప్పుడు మళ్లీ కొలిస్తే ఎక్కడ కలిసిపోయాయో తెలిసిపోతుంది.

మొదటిది మీటరులో గుచ్చి అంకె చూశాను. మూత మీదున్న అంకే. రాసుకోబోతుంటే బయట గంట మోగింది, హాల్లోంచి "చూడు ఎవరో" అన్న కేక. ఆయన తలుపుకి నాకంటే దగ్గరగా ఉన్నారు. వెళ్లి తీశాను. పక్కింటివాళ్ల పార్సెల్ మా ఇంట్లో ఇచ్చి పోయారు. అది పెట్టి, వచ్చినదాన్ని ఎలాగూ వచ్చానని ఆయనకి మంచినీళ్లిచ్చి, గదిలోకి వచ్చి కూర్చున్నాను. మీటరు మీద వేరే అంకె ఉంది.

వైరు వదులైందేమో అనుకున్నాను. వదులు కాలేదు. ట్రాన్సిస్టర్‌ని వేళ్లతో అలా పట్టుకున్నాను. అంకె దిగడం మొదలైంది, నా కళ్ల ముందే జారిపోయింది. వదిలేశాను. మెల్లగా ఎక్కింది. మళ్లీ పట్టుకున్నాను. మళ్లీ దిగింది.

ఇంటర్నెట్లో ఆ మనిషి పెట్టిన పేజీలో రాసే ఉంది. వీటికి వేళ్ల వేడి చాలు, అంకె మారిపోతుంది. గుచ్చాక చెయ్యి తీసేసి, అంకె కదలడం మానేదాకా ఊరికే కూర్చోండి అని. చదివాను. చదివి నవ్వుకున్నాను కూడా, మా ఇంట్లో ఊరికే కూర్చోమంటాడేంట్రా వీడు అని. గిన్నెల నీళ్లలోంచి తీసిన చేతులు తుడుచుకుని వచ్చి ఒకటి కొలిచేదాన్ని. గుచ్చీ గుచ్చగానే, ఎవరు పిలుస్తారో అని, గబగబా చూసి రాసేసేదాన్ని. రెండోది గుచ్చేసరికి పిలుపు. నలిగిన చొక్కా, కనపడని తాళం, పొంగుతున్న పాలు. వెళ్లొచ్చేసరికి అది చల్లారి ఉండేది. వేడిమీద కొలిచినదాన్నీ, చల్లారాక కొలిచినదాన్నీ కవలలని జత కట్టాను. ఇప్పుడు అన్నిటినీ అలాగే, ఒకటి వేడిగా ఒకటి చల్లగా, కొలిచి చూశాను. మూతల మీద నేను రాసుకున్న అంకెలన్నీ అలాగే వచ్చాయి. ఏదీ ఎక్కడా కలిసిపోలేదు. ఆవిడ ఆ డబ్బాని ముట్టుకోలేదు.

కుర్చీలో అలాగే ఉండిపోయాను. నన్ను పిలిచింది ఆయన. టీవీ కోసం సౌండు తగ్గించమన్నది ఆయన. తొందరపడింది నేను. ఇందులో ఎక్కడా అత్తయ్య లేరు. కానీ ఫ్యాక్టరీలో నవ్వినవాళ్లని నేనేమీ అనలేను, ఆయన్ని అంటే వారం రోజులు ఇల్లు ఇల్లులా ఉండదు. ఈ ప్రపంచం మొత్తంలో నేను గొంతు లేపగలిగిన మనిషి ఆవిడ ఒక్కరే. చూసి చూసి ఆవిడ మీదే లేపాను. ఎంత సిగ్గేసిందంటే, గది తలుపు వేసుకుని ఇక బయటికి రాకుండా ఉంటే బావుండుననిపించింది. ఆవిడకి వేరుగా, గుట్టుగా చెప్పేద్దామా అనుకున్నాను. తిట్టింది మాత్రం అందరి ముందూనా? టీలు కలిపి హాల్లోకి తీసుకెళ్లాను.

ఆయన చేతికి టీ ఇచ్చి, అత్తయ్య ముందు కింద కూర్చున్నాను. "అత్తయ్యా, ఆ డబ్బా మీరు ముట్టుకోలేదు. తప్పు నేను చేసి మీ మీద వేశాను" అన్నాను.

"అయిపోయిందిగా, మళ్లీ తవ్వుతావెందుకు?" అన్నారు ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా. "అమ్మేమీ అనుకోదులే."

"మీరు కూడా అన్నారు ఆ రోజు."

"నువ్వన్నావని అన్నాను. నాకేం తెలుసు?"

అదీ నిజమే. అంతలో అత్తయ్య అన్నారు, "ముట్టుకోలేదని నాకు తెలుసమ్మా. ఆ బల్ల జోలికి ఏనాడూ పోలేదు నేను."

"మరి తగిలిందేమో అన్నారెందుకు?"

ఆవిడ కాసేపు ఆలోచించారు. ఎన్నడూ ఎవరూ అడగని సంగతి కాబోలు. "ఒప్పేసుకుంటే తొందరగా అయిపోతుంది కదమ్మా" అన్నారు, బియ్యంలో రాళ్లు ఏరడం ఎలాగో చెప్పినంత మామూలుగా.

నాదే అయ్యుంటుంది సార్. వరసలో తల దించుకుని నేననే మాట అచ్చంగా అదే, కాకపోతే దానికి నేను మంచితనమని పేరు పెట్టుకున్నాను. ఆవిడ ఎంతమంది ముందు, ఎన్నిటికి ఒప్పేసుకున్నారో. పలచనైన చారుకి, మాడిన అన్నానికి, పుట్టిన ఆడపిల్లకి, పోయిన మామగారి ఆరోగ్యానికి. తొందరగా అయిపోయాయి అన్నీ. అయిపోయి ఎక్కడికీ పోలేదు, ఆవిడ పేరు మీదే ఉండిపోయాయి.

"రండి అత్తయ్యా, నాతో ఒక పని ఉంది" అన్నాను. బల్ల దగ్గర ఇంకో కుర్చీ వేశాను. ఆవిడ చేతులు వెనక్కే ఉన్నాయి. ట్రాన్సిస్టర్లు గుచ్చడానికి నా దగ్గర చిన్న పట్టకారు ఉంది, దాంతో అయితే వేడి అసలు తగలదు. అయినా దాన్ని సొరుగులో పెట్టేసి, "నా చేతులు వేడి. మీ చేతులైతే చల్లగా ఉంటాయి. మీరే పెట్టాలి" అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూశారు. పట్టకారు సొరుగులోకి పోవడం కూడా చూశారనుకుంటాను. మెల్లగా చేతులు ముందుకి తీసుకుని, పమిటకి తుడుచుకుని, మొదటిది పట్టుకున్నారు. కాళ్లు సన్నగా ఉన్నాయని, విరుగుతాయేమోనని భయపడ్డారు. విరగలేదు. గుచ్చాక ఇద్దరం చేతులు ఒళ్లో పెట్టుకుని అంకె ఆగేదాకా చూస్తూ కూర్చున్నాం. "ఇప్పుడేం చెయ్యాలి?" అన్నారు. ఏమీ చెయ్యకూడదన్నాను. "ఇదీ పనేనా!" అని నవ్వారు. వారం తర్వాత ఆ నవ్వు.

సగంలో ఉండగా హాల్లోంచి కేక వచ్చింది, తన ఫోను చార్జరు ఎక్కడ పెట్టానని. నేను లేవబోయాను. అత్తయ్య నా మోకాలి మీద చెయ్యి వేశారు.

"వెతుక్కో నాయనా" అన్నారు గట్టిగా. "మేం ఊరికే కూర్చున్నాం."

ఆ సాయంత్రం సౌండు నిండుగా పెంచి విన్నాం. నాబ్ ఇటు చివర నుంచి అటు చివరికి తిప్పాను. గొంతు విచ్చుకుంటూ పోయింది, ఎక్కడా మోత లేదు. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. టీవీ వినపడట్లేదని అనబోయి వాళ్లమ్మని చూసి, "ఇంకెంతసేపు?" అన్నారు. ఇంకాసేపు అన్నాను.

అనుకున్న రోజుకి మళ్లీ చీర ముక్కలో చుట్టి తీసుకెళ్లాను. ఈసారి సౌండు నేనే పెంచాను. తలుపు ఎవరూ కొట్టలేదు. మా వరసవాళ్లలో ఒకావిడ అబ్బ అంది. తప్పు ఎలా వెతికానో, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడికి వచ్చానో సూపర్‌వైజర్ అడిగారు, చెప్పాను. వేళ్ల వేడి సంగతి విని తల ఊపారు.

"బాగుందమ్మా, కాదనను" అన్నారు. "కానీ ఒక మాట. తిరిగొచ్చే బోర్డుల్లో ఎక్కువ నీవే కదా. నువ్వే ఒప్పుకుంటావు ప్రతిసారీ. అన్ని తప్పులు చేసే మనిషిని, తప్పులు వెతికే చోట ఎలా కూర్చోబెట్టను?"

అవి నావి కావనడానికి లేదు, నావే అన్నది నేనే. అవుననడానికీ లేదు, ఒక్కదాన్నీ కొలిచి చూసినదాన్ని కాదు. ఆయన కోపంగా అనలేదు, చిన్నబుచ్చాలనీ అనలేదు. ఉన్నది ఉన్నట్టు అన్నారు. మళ్లీ మెడ దగ్గర అదే మంట. ఫిల్టర్‌ని చుట్టుకుని వచ్చి వరసలో నా చోట కూర్చున్నాను. కిటికీ దగ్గర ఖాళీ కాబోయే కుర్చీ కనపడకుండా కాస్త పక్కకి తిరిగాను.

విరామం అయిపోయింది. సోల్డరింగ్ వాసన మళ్లీ గదంతా లేచింది. మీటరు ఒక బోర్డు పట్టుకుని వచ్చి మా వరస ముందు నిలబడ్డాడు. "మోగి ఊరుకోవట్లేదు. ఇది ఎవరిది?" అన్నాడు. తలలన్నీ దిగాయి. ఆయన కాసేపు ఆగి, ఎప్పటిలాగే నా వైపు తిరిగి, జవాబు తెలిసినవాడిలా బోర్డు నా ముందు పెట్టాడు. అవతల సూపర్‌వైజర్ నడుస్తున్నవారల్లా ఆగి ఇటు చూస్తున్నారు.

నా నోట్లో ఆ మాట తయారుగానే ఉంది. నా అనే అక్షరం పెదాల దాకా వచ్చింది కూడా. అంటే అయిపోతుంది, తొందరగా.

బోర్డు చేతిలోకి తీసుకున్నాను. అతుకులు నావిలాగే ఉన్నాయి, నావి కానట్టూ ఉన్నాయి. లేచి నిలబడి, ఆయన మెడ వైపు చెయ్యి చాపాను.

"ఏమో సార్. ఆ మీటరు ఇలా ఇవ్వండి, కొలిచి చెప్తాను."